లెక్క యెఱుగని దయ

పిల్లి యెదురైనచో ఇంటికి మరలివచ్చి, కాళ్లు కడుగుకొని, కొంతసేపు కూర్చుండి మఱల బయలుదేరు పెద్దలు మన పట్టణములలో ఇప్పటికిని లేకపోలేదు. అట్టి చోటనే, పిల్లికూన యొకటి మురుగుకాలువలో అఱచుచున్నదని ఫోనులో వినినంతనే అర్ధరాత్రమున దీపము చేతబట్టి బయలుదేరు యువతీయువకులు నేడు కానవచ్చుచున్నారు. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, విజయవాడలోను వీరు చిన్న చిన్న బృందములుగా నేర్పడి, జీతబత్తెములు లేకయే, వీథిపిల్లులకు తిండి పెట్టుచు, గాయపడినవానిని వైద్యునికడకు కొనిపోవుచు, తల్లిలేని కూనలను సాకి దత్తతకిచ్చుచున్నారు. ఈ పనికి రెస్క్యూ యని పేరు పెట్టుకొన్నారు. దుశ్శకునముగా చూడబడిన జంతువును ప్రాణిగా చూడ నేర్చుట సంస్కారమే. ఇందుకు సంతోషింపనివాడు సంస్కారప్రియుడనని చెప్పుకొన నర్హుడు కాడు.

అయినను మేమిచ్చట వ్రాయబోవునది ఆ సేవకులలో పలువురికి అప్రియముగా నుండును. దురాచారమును పరీక్షించుట సులభము. లోకమున మంచిపనియని పేరువడసిన దానిని పరీక్షించుట కష్టము. మంచిపనిని ప్రశ్నించుటయే పాపమనుకొనుట మనకు పాత యలవాటు. అన్నదానమును ప్రశ్నింపరాదనుకొని సోమరులను పోషించితిమి. ఆతిథ్యమును ప్రశ్నింపరాదనుకొని గృహిణులను వంటయింట మ్రగ్గజేసితిమి. జీవకారుణ్యమును ప్రశ్నింపరాదనుకొన్నచో దానివలన గలుగు హింసను గూడ మనము చూడలేకపోవుదుము.

మా వాదమిది. తెచ్చుట వేఱు, రక్షించుట వేఱు. వీథిలోని జంతువును ఇంటిలోనికి తెచ్చిననాడు రక్షణ మొదలైనదే కాని ముగిసినది కాదు. దానిని పోషింపగలుగుట, రోగమునుండి కాపాడగలుగుట, దాని సంతతి వీథిపాలు కాకుండ నిలుపగలుగుట, ఈ మూడును కూడినప్పుడే అది రక్షణయని పిలువదగును. తన శక్తికి మేర యెఱుగని దయ మొదట దయగలవారిని, పిదప దయకు పాత్రమైన జంతువును చెఱచును.

వేదాంతులు మర్కటకిశోర న్యాయమనియు, మార్జారకిశోర న్యాయమనియు రెండు చెప్పుదురు. కోతిపిల్ల తల్లి కడుపును తానే పట్టుకొని వ్రేలాడును. పిల్లికూన చేయవలసినది ఏమియు లేదు; తల్లియే దానిని నోట కఱచుకొని క్షేమమైన చోటికి చేర్చును. శ్రీవైష్ణవులలో తెంగలవారు ఈ రెండవ న్యాయమును శరణాగతికి దృష్టాంతముగా గైకొనిరి. నేటి రక్షకులలో పలువురు తమ్ము ఆ తల్లిపిల్లి స్థానమున నిలుపుకొనుచున్నారు. నిలుపుకొనుడు, తప్పులేదు. కాని తల్లిపిల్లికి కొన్ని మేరలున్నవని మఱవరాదు. ఆమె కూనలు నాలుగో యైదో. ఆమె నోట పట్టుకొనిపోవునది ఒకసారికి ఒక్కదానినే. ఊరిలోని కూనలన్నిటిని ఒక్క రాత్రిలో మోయుదునని ఆమె ఎన్నడును బయలుదేరదు.

మొదటి హింస దయతోడనే జరుగుచున్నది. పాలిచ్చు తల్లి ఆహారమునకై పోయినప్పుడు కూనలు గంటలకొలది ఒంటరిగా నుండుట సహజము. దారిని పోవు దయాళువు వానిని చూచి, అనాథలని నిశ్చయించి, అట్టపెట్టెలో పెట్టుకొని పోవును. కొంత దూరమున నిలిచి కొన్ని గంటలు కనిపెట్టి చూచినచో తల్లి తిరిగివచ్చుట కనబడియుండును. ఆ యోపిక లేదు. తల్లి వచ్చి, ఖాళీచోటు చూచి, అఱచుచు తిరుగును. ఇచ్చట కూనల పాట్లు వేఱు. పసికూనకు రెండు మూడు గంటల కొకసారి పాలు పట్టవలెను. రాత్రియని విరామము లేదు. మొదటి మూడు వారములలో తడిబట్టతో మెల్లగా తుడిచి ప్రేరేపింపనిదే అది మూత్రమైన విడువజాలదు. ఆవుపాలు దానికి సరిపడవు, విరేచనములు పట్టును. వెచ్చదనము లేనిచో త్రాగిన పాలు కూడ అరుగవు. ఈ పని నంతయు తల్లి జీతములేక చేయుచుండగా, ఆమె చేతినుండి లాగికొని, ఆఫీసుకు పోవలసిన యొక స్త్రీ ఒడిలో పడవేయుట రక్షణ యెట్లగును?

రెండవ హింస సంఖ్యవలన గలుగునది. పిల్లులకు పాన్‌ల్యూకోపీనియా యను నొక వ్యాధి యున్నది. కుక్కలకు వచ్చు పార్వో వ్యాధికి ఇది దగ్గరి చుట్టము. టీకా పొందని కూనలలో ఇది ప్రవేశించినచో పెక్కింటిని కొలది దినములలోనే కొనిపోవును. ఈ వ్యాధిక్రిమి గదిలో ఒక సంవత్సరము వఱకును నిలిచియుండగలదు. ఇండ్లలో సాధారణముగా వాడు క్రిమినాశకములలో అనేకములకు లొంగదు. బ్లీచింగు నీటికి లొంగును. బట్టలకు, చెప్పులకు, చేతులకు అంటుకొని యింటినుండి యింటికి పోవును. కావుననే క్రొత్తగా తెచ్చిన పిల్లిని రెండు వారములు వేఱుగదిలో నుంచవలెనని పశువైద్యులు పదేపదే చెప్పుదురు. రెండు గదుల అద్దెయింటిలో పదునాలుగు పిల్లులతో నివసించువారికి వేఱుగది యెక్కడిది? తా దూర కంత లేదు, మెడకొక డోలు. పదునైదవ కూన మీద దయతలచి తలుపు తెఱచిన రాత్రి, లోపలనున్న పదునాలుగింటికి మృత్యువు వాకిలి తెఱచినట్లే. ఆ పదునాలుగింటి యెడల మనకు దయ లేదా? అవి యిదివఱకే ఫోటోలలో పడినవి గావున వాని వంతు తీఱిపోయినదా?

మేము బడిపంతులము. నలుబదిమంది కూర్చుండదగిన గదిలో తొంబదిమందిని చేర్చుకొని, విద్యాదానము చేయుచున్నామని చెప్పుకొనువారిని మేము చూచియున్నాము. అచ్చట చదువు తొంబదిమందికి రాదు; మొదటి నలుబదిమందికి వచ్చుచున్నదియు పోవును. పేర్ల పట్టిక పెరుగును, అంతియే. పిల్లుల విషయమున పట్టిక పెరుగుటయే పుణ్యమని భావించుట ఆ జాతి భ్రమయే.

ఈ భ్రమ పరాకాష్ఠకు పోయిన తీరును తెలుపు సంగతి యొకటి అమెరికాలో జరిగినది. ఫ్లోరిడా రాష్ట్రమున మాడిసన్ కౌంటీలో, ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో, కాబూడిల్ ర్యాంచ్ అను పిల్లుల ఆశ్రమ మొకటి వెలసెను. దానిని స్థాపించిన పెద్దమనిషి అడవివంటి స్థలములో పిల్లులకై చిన్న చిన్న యిండ్లు కట్టించి, రంగులు వేయించి, ఒక బొమ్మల ఊరివలె నమర్చెను. అచ్చట ఏ పిల్లియు చంపబడదని ప్రసిద్ధి కలుగుటచే దూరప్రాంతములవారు తమకు అక్కఱలేని పిల్లులను తెచ్చి అప్పగించి, నిశ్చింతగా మరలిపోయిరి. ఛాయాచిత్రములు చూచినవారు విరాళములు పంపిరి. 2012వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అధికారులును, జంతుహింసా నివారణ సంఘమువారును ఆ స్థలమున ప్రవేశించి ఏడువందలకు దగ్గరగా పిల్లులను స్వాధీనపఱచుకొనిరి. వానిలో అనేకములు రోగములతో కృశించుచుండెను. ఆ రంగుల ఊరు జంతువుల కెంత యుపయోగపడెనో మేము చెప్పలేము గాని, వదలిపోయినవారి మనశ్శాంతికి మాత్రము మిక్కిలి యుపయోగపడినది.

ఇది యొక్కని వింతబుద్ధి యని త్రోసివేయుటకు వీలులేదు. అమెరికాలో గ్యారీ పాట్రోనెక్ అను పశువైద్యపండితుడు శక్తికి మించి జంతువులను కూడబెట్టు వారిని గూర్చి 54 ఉదంతములు పరిశీలించి 1999లో ప్రకటించెను. ఎక్కువ యుదంతములలో కూడబెట్టబడినవి పిల్లులే. నూటికి ఎనుబది యుదంతములలో చచ్చినవో, రోగపీడితములో అయిన జంతువులు బయటపడినవి. అయినను ఇంచుమించు నూటికి అఱువది యుదంతములలో ఆ గృహస్థులు అచ్చట లోపమున్నదని యొప్పుకొననే లేదు. పరమదయాళువులమను నమ్మకము వారి కన్నులకు గంతలు కట్టినది. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగుటను చూచి నవ్వు మనము, మనుష్యుడు కన్నులు మూసికొని పుణ్యము చేయుటను చూచి నమస్కరించుచున్నాము.

“అట్లయిన వీథిలో చావనిమ్మందురా?” అని కోపముతో అడుగువారుందురు. ఈ ప్రశ్నకు మేము తప్పించుకొనము. ఆడుపిల్లి నాలుగైదు నెలలకే యెదకు రాగలదు. గర్భము తొమ్మిది వారములు. ఈతకు సగటున నాలుగు కూనలు. ఒక ఈత పాలు మానకముందే మఱల చూలు నిలువవచ్చును. ఈ లెక్క యెదుట ఏ యింటి గదులు చాలును? ఎన్ని అట్టపెట్టెలు చాలును? ఒక తల్లిపిల్లిని పట్టి, సంతాననిరోధమునకై ఆపరేషను చేయించి, చెవికొన కత్తిరించి గుర్తుపెట్టి, తిరిగి దాని చోట విడిచినవాడు పదిమంది కంటికి కనబడని పని చేసినవాడు. ఫోటోకు పనికివచ్చు దృశ్య మందు ఏమియు లేదు. పుట్టకుండ పోయిన కూనలకు పేర్లుండవు, జన్మదినోత్సవములుండవు. కాని మురుగుకాలువలలో చచ్చుట తప్పినది వానికే. వీథిలో చావనిమ్మని మేమనుట లేదు. వీథిలో పుట్టనీయకుడని చెప్పుచున్నాము. అందుకు వలసిన ధనమును, దినములను, చేతులను మిగుల్చుకొనుటకై ఒక్కొక్కప్పుడు “ఇంక చోటు లేదు” అని చెప్పవలసివచ్చును. అట్లు చెప్పినవారిని కఠినహృదయులని నిందించుట నీచము.

చంపరాదను వ్రతమును గూర్చియు ఒకమాట. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జంతుసంరక్షణ సంఘమును, నగర జంతుశాలయు నొక యొడంబడిక చేసికొని, ఆరోగ్యముగల యే కుక్కను గాని పిల్లిని గాని చోటులేదను నెపమున చంపమని నిశ్చయించుకొనిరి. అది ప్రపంచమున పెక్కురకు మార్గదర్శకమైనది. కాని ఆ మాట వెనుక ఆపరేషను శాలలును, దత్తత యేర్పాట్లును, వైద్యులును ఉండిరి. వెనుక నివి యేవియు లేక ముందు ప్రతిజ్ఞను మాత్రము నిలుపుకొన్నచో, చంపుటకు మాఱుగా గదిలో కుక్కి క్రుళ్లబెట్టుట జరుగును. చోటుకొఱకు ప్రాణము తీయుట అధర్మము. మానరాని బాధతో మూలుగుచున్న జీవిని “మేము చంపువారము కాము” అను ప్రతిష్ఠకొఱకు నిలిపియుంచుటయు అధర్మమే. ఈ రెంటికి నడుమ నిర్ణయించు అధికారము వైద్యునికి విడువవలెను గాని, విరాళములిచ్చువారి చప్పట్లకు విడువరాదు.

ధనవిషయము ఇంకను సున్నితమైనది. ఎఫ్‌.ఐ.పి. యను వ్యాధి చిరకాలము పిల్లులకు మరణశాసనముగా నుండెను. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని నీల్స్ పెడర్సన్‌ ప్రభృతులు జి.ఎస్‌. 441524 అను ఔషధముతో 84 దినముల చికిత్స చేసి అత్యధిక సంఖ్యను బ్రదికించిరి. ఇది విజ్ఞానమునకు గొప్ప జయము. కాని అనుమతులు లేని కాలమున ఆ మందు పలు దేశములలో దొంగబజారున, సేవాబృందముల చేతులమీదుగానే, హెచ్చు వెలకు చెలామణి యయ్యెను. ఒక పిల్లికి ఈ చికిత్స సాగించు ధనముతో ఎన్నియో తల్లిపిల్లులకు ఆపరేషను చేయింపవచ్చును. అయినను మూలుగుచున్న యొక్క పిల్లి ఫోటోకు రాలు రూపాయలు, ఆపరేషనుల కొఱకు చాచిన చేతిలో రాలవు. ఒక్కదానిని బ్రదికింపవలదని మేమనము. ఎవరి ధనముతో, దేనిని మాని, దేనిని చేయుచున్నామో బహిరంగముగా చెప్పవలెనని యనుచున్నాము. లెక్క చూపుట దయకు అవమానము కాదు.

లెక్క చూపనిచోట ఏమి జరుగునో హితోపదేశము ఏనాడో చెప్పినది. చిన్నయసూరి నీతిచంద్రికలో ఆ కథను మన బాలురందఱు చదివినవారే. దీర్ఘకర్ణమను పిల్లి వ్రతనియమముల మాటలతో జరద్గవమను గ్రుడ్డిగ్రద్దను నమ్మించి, చెట్టుతొఱ్ఱలో చేరి, పక్షిపిల్లలను తిని, ఎముకలను గ్రద్దయొద్ద విడిచి పోయినది. పక్షులు వచ్చి, ఎముకలను చూచి, నిరపరాధియైన గ్రద్దను చంపినవి. నేడును అంతే. చచ్చిన పిల్లి ఫోటోతో మూడు మాసములు విరాళములు వసూలు చేసినవాడు చల్లగా జారుకొనును. అటుపిమ్మట ప్రజల యనుమానమను ఎముకలన్నియు నిజాయితీగా తన జీతపుడబ్బు ఖర్చుచేయు స్త్రీ గుమ్మమున పడును. మోసగాండ్రను బయటపెట్టిన సేవకు చెడ్డపేరు వచ్చునని మౌనము వహించు బృందములు జరద్గవము గతిని కొనితెచ్చుకొనుచున్నవి.

ఇక వీరిలో వీరి కలహములు. ఒకే పేటలో రెండు మూడు బృందములు. ఒకరు పట్టిన పిల్లికి మఱియొకరు మందు పోయరు. దత్తత యిచ్చునప్పుడు కొందఱు అద్దెయింటివారికి ఈయమందురు, బ్రహ్మచారులకు ఈయమందురు, పేదయిండ్లకు ఈయమందురు; కన్యాదానమునకు గూడ ఇన్ని విచారణలు లేవు. కొందఱు మఱల చూడకుండ అడిగినవాని చేతిలో పెట్టి పోవుదురు. అడుగవలసిన యొక ప్రశ్నను మాత్రము ఇరుపక్షములవారును మొగమాటముచే అడుగరు: “మీ యింట మాంసాహారమున కభ్యంతరమున్నదా?” పిల్లి ప్రకృతిచే మాంసాహారి. మాంసములో నుండు టారీన్ అను పదార్థము చాలనిచో దానికి చూపు పోవును. గుండె కండరము కూడ క్షీణించునని 1987లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. పెరుగన్నముతో సాత్వికముగా పెంచెదమని కూనను గొనిపోవువారు దానిని మెల్లగా గ్రుడ్డిదానిని చేయుదురు. మన ఆచారము మనకు. దానిని నోరులేని జంతువుపై రుద్దుట జీవకారుణ్యము కాదు. అట్లే పిల్లిని ప్రేమించువారు పిచ్చుకను మఱవరాదు. స్వేచ్ఛగా తిరుగు పిల్లులు అమెరికాలో ఏటేట నూఱుకోట్లకు పైగా పక్షులను చంపుచున్నవని 2013లో ప్రకటితమైన పరిశీలన యొకటి అంచనా కట్టినది. వీథిపిల్లుల సంఖ్యను తగ్గించుట పిల్లికిని, పిచ్చుకకును గూడ మేలు.

ఇంతవఱకు సేవకులను విమర్శించితిమి. ఇప్పుడు మా యసలు ఫిర్యాదు వినుడు. అది వారిమీద కాదు, గృహస్థులారా, మనమీద.

మే మెఱిగినంతలో ఈ సేవ చేయువారిలో స్త్రీలే యధికులు. కాదనరాదని, ఎదురాడరాదని, తాను తినక ఇతరులకు పెట్టవలెనని వారిని చిన్ననాటనుండి పెంచినది మనమే. ఆ శిక్షణయే వారికి నేడు ఉరిత్రాడైనది. వీథిలో ఫలానా యమ్మ పిల్లులను పెంచునని తెలిసినంతనే, తమ యింట ఈనిన కూనలను సంచిలో వేసి, తెల్లవాఱకముందే ఆమె గేటుకడ పెట్టి పోవు పెద్దమనుష్యులు ప్రతి పేటలోను ఉన్నారు. ఆమె తలుపు తెఱచి వాని యఱపు వినును. కాదనలేదు. జీతములో సగము మందులకు పోవును. ఇంటివారు మాటలాడుట మానుదురు. ఇంటి యజమాని ఖాళీ చేయుమనును. ఇరుగుపొరుగువారు వాసన యని ఫిర్యాదు చేయుదురు. ఆ ఫిర్యాదుపై సంతకము చేసినవారిలో తెల్లవాఱుజామున సంచి పెట్టిపోయినవాడును ఉండును. ఆమె ఒకనాడు కూలబడినప్పుడు “ఆమెకు పిల్లుల పిచ్చి” అని మనము తీర్పు చెప్పుదుము. పిచ్చి ఎవరిది? దించుకొన్న బరువెవరిది?

చట్ట మున్నది. 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టము, ఆకలిదప్పులచే బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట నేరమని చెప్పి, మొదటి తప్పునకు పదిరూపాయలకు తగ్గని, ఏబదికి మించని జుల్మానా విధించినది. ఏబదిరూపాయలు! కుక్కల సంతాననిరోధమునకై 2001లో చేసిన నియమముల పేరులోనే పిల్లులకు చోటు లేకపోయెను. 2023లో వచ్చిన నియమముల పేరునుండి కుక్కలను తొలగించి జంతువులనిరి గాని, పేరు మాఱినంత మాత్రమున ఆపరేషను బల్ల పిల్లికి దొరకదు. పురపాలక సంఘములు ఈ పనిని తమదిగా గ్రహించు నంతవఱకు దాని భార మంతయు మనము దయాళువులని పొగడి వదలివేసిన కొలదిమంది పైననే పడును.

పిల్లిని చంపినవాడు బంగారుపిల్లిని చేయించి దానమీయవలెనని మన పెద్దలు చెప్పుదురు. బంగారుపిల్లిని పుచ్చుకొన్న బ్రాహ్మణునికి లాభము, ఇచ్చినవానికి మనశ్శాంతి. చచ్చిన పిల్లికి ఏమి ఒరిగెను? ఇంటిపిల్లికి ఆపరేషను చేయింపక, ఏటేట కూనలను పొరుగువారి గుమ్మములలో విడిచి, నెలకొకసారి ఫోనులో ఇన్నూఱు రూపాయలు పంపి జీవకారుణ్యపరులమని తృప్తిపడు గృహస్థుడు చేయుచున్నదియు ఆ బంగారుపిల్లి దానమే.

కావున సేవకులకు మా విన్నపము: మీ యింట ఎన్నింటికి చోటున్నదో ముందుగనే నిర్ణయించి, గోడమీద వ్రాసికొనుడు, ఆ సంఖ్య దాటిన దినమున కాదనుడు. తెచ్చుటకంటె పుట్టకుండ చేయుటకు ముందుగా ధనము కేటాయింపుడు. రాబడిని, ఖర్చును, చచ్చినవాని సంఖ్యను గూడ నెలనెల ప్రకటింపుడు. బ్రదికినవానిని మాత్రమే చూపుట సగము సత్యము. గృహస్థులకు మా విన్నపము ఇంతకంటె చిన్నది. మీ యింటి పెరటిలో తిరుగు పిల్లికి, అది మీది కాదని మీరనుకొన్నను, మీ యన్నము తినుచున్నచో, వచ్చు ఎదకు ముందే ఆపరేషను చేయింపుడు. ఆ ఖర్చు భరింపలేనిచో నలుగురు పొరుగువారు కలిసి భరింపుడు. ఇది చేయనివాడు సేవకురాలి ఇంటి వాసనను గూర్చి ఫిర్యాదు చేయుటకును, ఆమె దయను పొగడుటకును గూడ అర్హుడు కాడు.